తలుపులు మూసి చూసిన గోదాము

"ఫ్యాన్ బంద్ చెయ్యి."

"చెయ్య. ఉక్కపోతకు సస్తవ్."

"నా మాట ఎప్పుడన్న విన్నవా నువ్వు?"

"ఇనడానికి నాతోటి ఎన్నేండ్లు మాట్లాడినవ్ బావా నువ్వు?"

మా బావగారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. బావగారంటే నా పెనిమిటికి అన్న. నా మాటకు ఆయన నవ్వబోయి దగ్గాడు, దగ్గి అటు తిరిగి పడుకున్నాడు, తెల్లారేసరికి లేడు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. పోయేవాళ్ల చివరి మాటలు ఎంతో గొప్పగా ఉంటాయని జనం చెప్పుకుంటారు. మాకు తగువే దక్కింది. నాకేం చిన్నతనం లేదు. ఆ మనిషితో తగువాడే హక్కు నేను ఎట్లా సంపాదించుకున్నానో తెలిస్తే మీరూ తప్పు పట్టరు. నాకు సంతకం చెయ్యడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే రాస్తున్నది ఆ బావగారి కూతురే. (పెన్ను ఆపింది. "మా నాయన మీదనా చిన్నమ్మా?" అంటోంది. అవునే, మీ నాయన మీదనే. రాయి.)

ఆ రోజుల్లో మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు. పడితే తల మీద కొంగుండాలి. కొంగున్నా నోరుండకూడదు. మా తాతలు దేవుణ్ని మార్చుకున్నారు గాని ఈ పద్ధతిని మాత్రం మార్చుకోలేదు. బావగారు చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆయన ప్రార్థన ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు, బయట చెట్టు మీది కోతులు దిగి పారిపోయేవి. అంత గొంతు పెట్టుకుని దేవుడితో వారం వారం మాట్లాడేవాడు, నాతో మాత్రం నా పెళ్లి నాటి నుంచి ఒక్క మాట లేదు. కావలసింది గోడకు చెప్పేవాడు. "ఈ ఇంట్ల మజ్జిగ ఉన్నదా లేదా?" అని గోడను అడిగితే, నేను మజ్జిగ తెచ్చి గోడ పక్కన పెట్టి వెళ్లేదాన్ని. (గోడ ఎన్నడూ తాగలేదు.)

నా పెనిమిటిది చింతపండు వ్యాపారం. భద్రాచలం వైపు అడవి గూడేల్లో కాయ కొని, గింజ తీయించి, ఖమ్మం తీసుకుపోయి అమ్మేవాడు. కొనేది ఆయన, పండు చూసేది నేను. ఒక వేసవిలో జ్వరం వచ్చి ఆయన పోయాడు. నాకప్పటికి ముప్పై నిండలేదు. వసారా నిండా చింతపండు బస్తాలు, నెత్తి మీద వానాకాలం. చింతపండుకు ఒక్కసారి చెమ్మ తగిలిందంటే నల్లబడి బంకలా కారుతుంది, ఇక ఎవరూ కొనరు. ఆ బస్తాలు పోతే వ్యాపారం పోయినట్టే. వ్యాపారం పోతే నా మిగిలిన బతుకంతా గోడ పక్కన మజ్జిగ పెట్టడమే.

అప్పుడు బావగారు ఒక ఏర్పాటు చేశాడు. జూలూరుపాడు దాటాక రోడ్డు పక్కన ఒక గోదాము ఖాళీగా ఉందట. దాని ఆసామికి మాట ఇచ్చేశాడట. కిరాయి కాగితం తన పేరు మీద రాయించుకుని, బస్తాలు అందులో వేసి, ఇక వ్యాపారం తానే చూసుకుంటాడట. లోపలికి వెళ్లి చూశాడా అంటే లేదు, రోడ్డు మీద బండి ఆపి బయటినుంచే చూశాడు. ఇదంతా మా అత్తతో చెప్పాడు, నాకు వినపడేలా. నేనూ అత్తతోనే అన్నాను, ఆయనకు వినపడేలా.

"అత్తా, ఆయనకు చెప్పు. పండు నాది. నేను లోపలికి పోయి చూసేదాంక ఏ కాగితం లేదు. కాగితం నా పేరు మీదనే."

"ఆడది గోదాము చూసుడేంది? ఏం జూస్తదట?" అని ఆయన గోడను అడిగాడు.

"నన్ను జూడ వచ్చినప్పుడు నడిపిచ్చి, మాట్లాడిపిచ్చి, నోరు తెరిపిచ్చి పండ్లు గూడ జూసిండ్రు గద. దాన్ని గూడ గట్లనే జూస్త."

అత్త ఎవరి వైపూ చూడకుండా గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకుని ముందే పోయి, కాగితం పనికని ఆయన పిలిపించిన ఆటోలో కూర్చున్నాను. ఇక ఆయనకూ ఎక్కక తప్పలేదు. ఆయన ముందు డ్రైవరు పక్కన, నేను వెనక ఒక్కదాన్నే.

"ఎండ దంచుతున్నది. గొడుగు తెచ్చిండ్రో లేదో అడుగు" అన్నాడు ఆయన డ్రైవరుతో.

"తెచ్చినమని చెప్పు తమ్మీ" అన్నాను నేనూ డ్రైవరుతో.

కాసేపు ఇట్లా సాగాక డ్రైవరు అద్దంలో నన్నూ, పక్కన ఆయన్నూ చూసి, "మీ ఇద్దరికి లొల్లి అయిందా ఏంది?" అన్నాడు. "లేదు" అన్నాం ఇద్దరం, ఒకేసారి, డ్రైవరుతోనే.

గోదాము ఆసామి కోస్తా నుంచి వచ్చి పామాయిలు తోట వేసిన మనిషి. పేరెందుకుగాని, ఆయన నోట్లో 'ఫస్ట్ క్లాసు' తప్ప వేరే మాట ఆడదు, కాబట్టి నేను ఆయన్ని ఫస్ట్ క్లాస్ ఆసామి అనే అంటాను. "గోడలు ఫస్ట్ క్లాసండి. నేల ఫస్ట్ క్లాసండి. ముందు ఎరువుల బస్తాలుండేవండి, ఒక్క కంప్లయింటు లేదండి" అంటూ బావగారికి చూపిస్తున్నాడు. నేను గోడకు ముక్కు ఆనించి వాసన చూశాను. యూరియా ఘాటు ముక్కుపుటాలు పట్టుకుంది. చింతపండు పక్కనున్న వాసనంతా పీల్చేసుకుంటుంది, అట్లాంటి పండు పులుసులో వేస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"ఆయనకు చెప్పండి, గోడలకు సున్నం కొట్టియ్యాలె అని" అన్నాను ఆసామితో.

ఆసామి తెల్లబోయాడు. "ఆయన ఇక్కడే ఉన్నారు కదమ్మా?"

"ఆమెకు చెప్పండి, సున్నం సంగతి తర్వాత చూద్దామని" అన్నాడు బావగారు, రెండడుగుల దూరంలోంచి. పాపం ఆసామి మెడ మా ఇద్దరి మధ్య తిరిగి తిరిగి అలిసిపోయింది.

ఎండాకాలంలో పైకప్పు కారుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? వాన కోసం ఆగితే బస్తాలు ఆగవు. నా పెనిమిటి ఏ గోదాముకు పోయినా ఒక పని చేసేవాడు, తలుపులన్నీ వేయించి లోపల చీకట్లో నిలబడి పైకి చూసేవాడు. నేనూ అదే అడిగాను. "తలుపులు మూయండి. నేను లోపల ఉంట."

"ఒక్క ఆడమనిషి చీకట్ల ఏం జూస్తది? నేను గూడ ఉంట" అన్నాడు బావగారు ఆసామితో. నేను లేని రంధ్రాలు కల్పించి చెబుతానని ఆయన అనుమానం.

ఆసామి ఇనుప తలుపులు రెండూ దగ్గరకు లాగి బయట గడియ కొట్టాడు. "చూశారాండి, ఎంత ఫస్ట్ క్లాసుగా పడిందో! దొంగ రాలేడండి!" తర్వాత ఇనుము మీద ఇనుము గీరుకున్న చప్పుడు. ఇంకాస్త గీరుకున్న చప్పుడు. తర్వాత "అయ్యబాబోయ్!" "కంగారు పడకండి, గడియ బిగుసుకుపోయింది, తోటలోంచి సుత్తి పట్టుకొస్తాను" అంటూ అడుగుల చప్పుడు దూరమైంది.

పైకి చూద్దును గదా, రేకుల నిండా వెలుతురు చుక్కలే. అమావాస్య ఆకాశం కూడా అంత నిండుగా ఉండదు. కాని ఆ మాట చెప్పాలంటే ఎవరితో చెప్పాలి? అత్త లేదు, డ్రైవరు లేడు, ఆసామి లేడు. గోడ ఉంది గాని చీకట్లో ఎటువైపుందో తెలియదు.

చాలాసేపటికి ఆయన దగ్గాడు. "ఈడ ఎవరన్న ఉన్నరా?" అన్నాడు గాలితో.

"ఇంకెవరుంటరు? నేనే" అనేశాను. పెళ్లయ్యాక ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే.

ఆయన జవాబు చెప్పేలోపే పైనుంచి ఏదో టపటపమని ఆయన తల మీదుగా పోయింది. "యేసయ్యా!" అని చర్చి గొంతుతో అరిచి, ధబ్బున కిందపడ్డ చప్పుడు.

"గబ్బిలం అది" అన్నాను.

"నాకెరికే."

"ఎరికైతే కూలబడ్డవేంది?"

"నువ్వా? నన్ను నువ్వంటున్నవా?"

"చీకట్ల పెద్దరికం ఏడ కనపడుతది? పైకి జూడు బావా. నువ్వు మాట ఇచ్చిన గోదాము జూడు. ఒక్కొక్క చుక్క కింద ఒక్కొక్క బస్తా కుళ్లుతది."

"మాట ఇచ్చిన నేను! పదిమందిల తిరిగేటోన్ని! నీ లెక్కనా?"

"మాట ఇచ్చేటప్పుడు నన్ను అడిగినవా? ఎన్నడన్న ఏమన్న అడిగినవా? నీ తమ్ముడు పోయిన్నాడు గూడ ఏడ్వకుమని గోడకు చెప్పినవ్. గోడ ఏడ్చిందా ఆ రోజు? నేను ఏడ్చిన!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. రేకులు గణగణమన్నాయి. ఆయన కూలబడ్డ చోటునుంచే మాట్లాడాడు. అది చర్చి గొంతు కాదు.

"ఏం మాట్లాడాలె నేను? వాడు నా భుజాల మీద పెరిగిండు. నీ దిక్కు జూస్తే వాడే యాదికొస్తుండె. కాగితం నా పేరు మీద ఉంటే నిన్ను ఎవడూ బజారుకు గుంజడని అనుకున్న, గంతే."

"నేను బజారుకు పోయేదాన్నే బావా. నన్ను ఎవడూ గుంజేదేంది?"

అంతలో తలుపు సందులోంచి ఆటో డ్రైవరు గొంతు మర్యాదగా వినిపించింది. "అక్కా, అయిపోయిందా? గడియ తీయమంటరా, ఇంకా ఉన్నదా?" సుత్తి ఎప్పుడో వచ్చిందట. తోట కూలీలు, రోడ్డు మీద పోయేవాళ్లు అందరూ వచ్చి, మా తగువు మధ్యలో తలుపు తీయడం బాగుండదని నిలబడి విన్నారట.

తలుపులు తెరుచుకున్నాయి. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ బావగారు ముందు నడిచాడు, సంఘపెద్ద నడక. వెనక నుంచి నేను చూశాను. నేనే కాదు, అందరూ చూశారు. తెల్లని పంచె, వెనక భాగంలో పళ్లెమంత తడి మరక, దాని అంచున బూడిద రంగు ఎరువు బురద. (రాసే పిల్ల మళ్లీ ఆగింది. "పంచె సంగతి తీసేద్దాం చిన్నమ్మా." తీసేస్తే ఇక కథేముంది? రాయి.)

"నేల చెమ్మ గుంజుతున్నది" అన్నాను ఆసామితో.

"అబ్బే, నేల ఫస్ట్ క్లాసండి! మీరొస్తున్నారని నిన్న కడిగించానండి."

"నిన్న కడిగింది గీ ఎండకే ఆరలేదంటే, వానల్ల తడిసింది దసరాకన్న ఆరుతదా? నన్నెందుకు, మా బావ పంచెను అడుగుండ్రి."

జనం నవ్వారు. బావగారు వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు, చెయ్యి చూసుకున్నాడు, వాసన చూశాడు. ఆ క్షణం నేను భయపడ్డానని ఒప్పుకోవాలి. పదిమందిలో పరువు తీశాను, ఇంటికి పోయాక బస్తాలూ ఉండవు, నేనూ ఉండను అనుకున్నాను. ఆసామి కూడా ఆయన వైపే తిరిగి, "మీరు మాట ఇచ్చారు కదండి, ఆవిడతో మనకెందుకు" అన్నాడు.

కొంగు కింది నా ముఖం వైపు ఆయన మొదటిసారి నేరుగా చూశాడు.

"ఏం జేద్దాం చెప్పు" అన్నాడు. ఆసామిని కాదు, గోడను కాదు, నన్ను.

"రేకులు మార్చాలె. నేల మీద కొత్తగ సిమెంటు పొయ్యాలె, గోడలకు సున్నం కొట్టాలె. అవన్నీ అయినంకనే కాగితం."

"ఇన్నరు గద" అన్నాడు బావగారు ఆసామితో. "కాగితం ఆమె పేరు మీద రాయించుండ్రి. నేను సాక్షి సంతకం పెడ్త."

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆయన ముందే కూర్చున్నాడు, పద్ధతి కోసం కాదు, తడి పంచెతో నా పక్కన కూర్చోలేక. వానలకు ముందే బస్తాలు చేరాయి. సంతకం వంకర టింకరగా పెట్టాను గాని నా పేరే పెట్టాను. ఆ రోజు తెరుచుకున్న నోరు ఆయన మళ్లీ మూయలేదు. పండు ఎక్కువ పెట్టి కొన్నావని తిట్టాడు, లారీ వాడిని నమ్మావని తిట్టాడు, నేనూ ఊరుకోలేదు. ఇంటి పద్ధతి పోయిందని అత్త కొన్నాళ్లు ముఖం ముడుచుకుంది, తర్వాత మా తగువులు వినడానికే వసారాలో మంచం వేయించుకుంది.

ఇప్పుడు నేను ఏ గోదాములోకి పోయినా ఎవరూ అడ్డం రారు. తలుపులు మూయమంటే మారు మాట్లాడకుండా మూస్తారు. చీకట్లో ఒక్కదాన్నే నిలబడి పైకి చూస్తుంటే, చెప్పులు వేసుకుని ముందే పోయి ఆటోలో కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత పొగరే నీకు అనుకుంటాను. ఆ పొగరు ఇప్పుడూ ఉంది. ఎదురు నిలబడి గొంతెత్తేవాళ్లే లేరు.

"అయిందా బిడ్డా రాసుడు? ఏడుస్తున్నవేంది? కండ్లు తుడ్చుకో. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపియ్యి. నా మాటలు ఎట్ల చదివినా సరే. మీ నాయన మాట వచ్చిన కాడ మాత్రం గట్టిగ చదువు, ఆయన మెల్లగ మాట్లాడడు."