జక్రయ్యను పిలిచిన రోజు

రహిమున్నీసా మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. పని దిగాక కూడా చేతులు మండుతూనే ఉంటాయి. ఆ చేతులతో కళ్లు ముట్టుకోకూడదు. కొడుకు కలీం పోయాడన్న కబురు షెడ్డులోనే విన్నది. ఏడుస్తూ కళ్లు తుడుచుకోబోతే పక్కనున్న ఆడవాళ్లు ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నారు.

కలీం మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్లో పనిచేసేవాడు. క్రేను ఇనపతాడు తెగి రాయి అతని మీద పడింది. వద్దన్నా వినకుండా కుర్రాడే రాయి కిందికి పోయాడని యజమాని రాసిచ్చాడు. తాడు పోగులు లేచిపోయాయని ముందురోజే చెప్పామని, అయినా నడపమన్నారని చెప్పగలవాడు కలీంతో పనిచేసిన జక్రయ్య ఒక్కడే. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు గానీ వాళ్లు అక్కడే కూలి చేసుకుంటున్నారు. జక్రయ్య రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పని మానేశాడు. అతనికి పోయేదేమీ లేదు.

తప్పు కొడుకుది కాదని కోర్టు చేత అనిపించాలని రహిమున్నీసా కేసు వేసింది. జడ్జీ బదిలీ అయ్యాడు. కుర్చీ ఖాళీ. పక్క ఊరి జడ్జీ ఇన్‌చార్జిగా వచ్చి వాయిదాలు వేసి వెళ్లేవాడు. ప్రతిసారీ జక్రయ్య ఆటోలో వచ్చి, మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చుని, వెళ్లిపోయేవాడు.

"కాటా దగ్గర గుమస్తా రాకపోతే ఇంకొకణ్ణి కూర్చోబెడతారు గదే, జడ్జీ కుర్చీకేం రోగం?" అంది ఆమె షెడ్డులో.

"ఢిల్లీలో న్యాయశాఖ ఉందంట వదినా, అడుగు. కూర్చోబెట్టకపోతే నువ్వే పోయి కూర్చో," అంది పక్కన తొడిమలు తీస్తున్న నజ్మీన్. అందరూ నవ్వారు.

రహిమున్నీసా నవ్వలేదు. గ్రామ సచివాలయంలో చెప్పి, జడ్జీని వేయమని ఢిల్లీకి అర్జీ పెట్టించింది. ఉచిత న్యాయసహాయం కింద ఇచ్చిన లాయరు శ్రీరమ్య సంగతి విని తల పట్టుకుంది.

"ఢిల్లీ న్యాయశాఖ చూసేది హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల నియామకం అమ్మా. కోర్టు భవనాలకు, కంప్యూటర్లకు నిధులిస్తుంది. మన కోర్టుకు జడ్జీని వేసేది హైకోర్టు. కొత్త పోస్టులు ఇవ్వాల్సింది రాష్ట్రం."

"మరి అందరికీ పైన ఎవరండీ?"

శ్రీరమ్య ఫైలు కట్టేసి తర్వాతి వాయిదా తేదీ చెప్పింది.

వేసవికి జక్రయ్య మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఒక ఆదివారం కూతురు ఫెబా భుజం పట్టుకుని చర్చికి వెళ్లాడు. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాడు. దేవుడు చేసిన మేలు గురించి చెబుతాడనుకున్నారు. అతను ఇనపతాడు గురించి చెప్పాడు. ఎవరు నడపమన్నారో పేరు పెట్టి చెప్పాడు. పాస్టరు గారు ఫోన్లో రికార్డు చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. వెనక బెంచీలో ముసుగు వేసుకుని కూర్చున్న రహిమున్నీసా మనసు తేలికపడింది.

తర్వాతి వాయిదాకు ఆటో తీసుకుని వెళితే జక్రయ్య కదల్లేదు.

"చెప్పేశాగా చెల్లెమ్మా. ఫోన్లో ఉందిగా. అది చూపించు. వచ్చినా వాయిదాయేగా."

ఆమెకూ అదే సబబనిపించింది. బలవంతపెట్టలేదు.

ఆ రోజు కుర్చీలో కొత్త జడ్జీ ఉన్నాడు. బంట్రోతు వాకిట్లోకి వచ్చి జక్రయ్య పేరు పిలిచాడు.

"ఆయనేరమ్మా?" అంది శ్రీరమ్య.

రహిమున్నీసా ఫోను చూపించింది.

"ఇది చెల్లదమ్మా. ఆయన ఆ బోనులో నిలబడాలి. అవతలి లాయరు అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఇవాళ వింటారనుకోలేదు, నేనైనా ముందే చెప్పాల్సింది..." అని ఆగిపోయింది. ఇంటికే మనిషిని పంపి సాక్ష్యం తీసుకోమని ఆ సాయంత్రమే అర్జీ వేసింది. అది విచారణకు రాకముందే జక్రయ్య చనిపోయాడు. సమాధి దగ్గర రహిమున్నీసా ఫెబా పక్కనే నిలబడింది. 

ఢిల్లీ నుంచి జవాబు ఫోనుకు వచ్చింది. కింది కోర్టుల నియామకాలు ఈ శాఖ పరిధిలోకి రావని, అర్జీ ముగించామని.

వాయిదా రోజు బంట్రోతు మళ్లీ వాకిట్లోకి వచ్చాడు.

"జక్రయ్యా... జక్రయ్యా... జక్రయ్యా..."

"చనిపోయాడండీ," అంది రహిమున్నీసా గుమ్మం దగ్గర నుంచి.

యజమాని లాయరు తలెత్తి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వేరే సాక్షులెవరైనా ఉన్నారా అని జడ్జీ అడిగాడు. శ్రీరమ్య ఆమె వైపు చూసింది. రహిమున్నీసా లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె తరఫు సాక్ష్యం ముగిసిందని జడ్జీ రాయించాడు.

మధ్యాహ్నానికి షెడ్డు చేరి కాయల కుప్ప ముందు కూర్చుంది.

"ఏమైంది వదినా?" అంది నజ్మీన్.

"అయిపోయింది," అని తొడిమ తుంచింది.