సంపూర్ణ టీచర్ ఇంటి ముందు బల్ల

భద్రాచలం దాటి అడవి దారిన పోతే ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉంది. అందులో సంపూర్ణ టీచర్ సైన్స్ చెబుతుంది. మనిషి మంచిదే, నోరే కాస్త మంట. బడి పక్కనే కిరాయిల్లు. ఇంటి ముందు రేకుల పంచలో ఒక చెక్కబల్ల. డౌటు అడగడానికి ఏ పిల్ల వచ్చినా ఆ బల్ల మీదే కూర్చోవాలి. అదీ ఒంటరిగా రాకూడదు, తోడు ఇంకొకరిని వెంటేసుకుని రావాలి. ఎంత వానొచ్చినా గడప మాత్రం దాటనివ్వదు. తన ఫోన్ నంబరు తల్లిదండ్రులకిస్తుంది గానీ పిల్లలకివ్వదు. కొత్తగా వచ్చిన టీచర్లు "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్" అని నవ్వుతారు. నవ్వనీ! ఈ బల్ల ఎందుకు పడిందో వాళ్లకేం తెలుసు?

సంపూర్ణ బొగ్గుబాయి కాలనీలో పుట్టి పెరిగింది. తండ్రి అంతోనయ్య బాయిలోకి దిగి పనిచేసిన మనిషి. చిన్నప్పుడు ఆమె చదివిన బడిలో ఒక పంతులమ్మ ఆమె చేత ఇంట్లో అంట్లు తోమించేది, నీళ్లు మోయించేది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, తాను టీచరయితే పిల్లల చేత చెంబెడు నీళ్లు కూడా తెప్పించుకోనని. ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. చిక్కల్లా, టీచరు చేయకూడని తప్పు అదొక్కటేనని అనుకోవడంలో వచ్చింది.

హర్షిత తల్లాడ వైపు తండా పిల్ల. తండ్రి పోయాడు. తల్లి సక్రి కూలికి పోతుంది. ఎనిమిదిలో చేర్చిన రోజున సక్రి, ఇక్కడ ప్రతి తల్లీ అనే మాటే అంది.

"నీ బిడ్డే అనుకో టీచరమ్మా. కొట్టినా తిట్టినా నీదే భారం."

జూన్ వస్తే ఆ మాట బడి వరండాలో ఎంతమంది అంటారో! మిగతా టీచర్లు తలూపి ఊరుకుంటారు. సంపూర్ణకు పిల్లల్లేరు. మాటవరసకన్న మాటను ఆమె నిజమని పట్టుకుంది.

పిల్ల చురుకైంది. అడగనిదే ఊరుకోదు. సంపూర్ణ మొదట పుస్తకాలిచ్చింది, తర్వాత గౌను కొనిపెట్టింది, తర్వాత ఆదివారం చర్చి నుంచి రాగానే హాస్టల్‌కు పోయి పిల్లను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. టీచరే తీసుకుపోతుంటే వాచ్‌మన్ మాత్రం ఏమంటాడు? పదో తరగతికొచ్చేసరికి హర్షిత ఆమెను అమ్మా అని పిలవసాగింది. కన్నతల్లిని తండా మాటలో యాడీ అంటుంది కదా, ఆ పిలుపు ఆమెకు ఉండనే ఉంది, ఈ పిలుపు నాకుంటే ఎవరి సొమ్మేం పోయిందని సంపూర్ణ సర్దిచెప్పుకుంది. హాస్టల్లో మాత్రం తోటి పిల్లలు హర్షితతో మాట్లాడటం తగ్గించేశారు.

భర్త బెంజమిన్ బస్సు కండక్టరు. రకరకాల మనుషులను చూసినవాడు. ఒకసారి అడిగాడు.

"పిల్లను ఇట్ల తెస్తున్నవ్, వాళ్లమ్మకు ఎరికేనా?"

"నీ బిడ్డే అన్నది గదా! ఇంకేం ఎరిక?"

"ఏమోనే. టికెట్ ఒకరిది, సీట్లో ఇంకొకరు కూసున్నట్టుంది నాకైతే."

"నీ బస్సు ముచ్చట్లు బస్సులో పెట్టుకో" అని కసిరింది.

ఆ హాస్టల్లో రెండో ఆదివారం తల్లిదండ్రులు వచ్చి పిల్లలను చూసుకోవచ్చు. మిర్చి ఏరే కాలం కాబట్టి సక్రి కొన్నాళ్లుగా రావడం లేదు. ఈసారీ రాదులే అని సంపూర్ణ హర్షితను ఇంటికి తెచ్చుకుంది. కోడికూర వండి, పళ్లెంలో కలిపి, పిల్ల నోటికి ముద్ద అందిస్తోంది.

"ఇంకొంచెం పులుసు పొయ్యమ్మా" అంది హర్షిత.

వాకిట్లో అలికిడైంది. చూస్తే సక్రి. చంకలో సద్దిమూట. రెండు బస్సులు మారి వచ్చి, హాస్టల్ గేటు దగ్గర పొద్దెక్కేదాకా కూర్చుని, టీచరింట్లో ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. కూతురు టీచర్ని అమ్మా అన్న ఆ పిలుపు ఆమె చెవిన పడనే పడింది.

"యాడీ!" అంటూ హర్షిత లేచి ఉరికింది. సక్రి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముట్టకు బిడ్డా. మిర్చి మంట ఇంకా పోలే. కండ్లు మండుతయ్."

సంపూర్ణ తడబడింది. "లోపలికి రా సక్రమ్మా, అన్నం తిందువు."

"తినే వచ్చిన" అంది సక్రి, విప్పని సద్దిమూట చంకలోనే పెట్టుకుని. "రేపు టీసీ ఇప్పియ్యు టీచరమ్మా. నా బిడ్డను తీస్కపోత."

పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఇప్పుడు పోతే పిల్ల మళ్లీ బడి మొహం చూడదు, మిర్చి చేలోకే. సంపూర్ణ భయం కోపమై బయటపడింది.

"నేనేం తప్పు చేసిన? పని చేయించుకున్ననా? కొట్టిన్నా?"

"ఏం చెయ్యలే. నాకంటే మంచిగనే చూస్తున్నవ్. గదే నా ఏడుపు." సక్రి గొంతు పెంచలేదు. "సదువుకని నీ కాడ ఉంచిన టీచరమ్మా. ఇచ్చెయ్యలే."

ఆ మాటకు సంపూర్ణకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తల్లీకూతుళ్లు హాస్టల్ వైపు పోయారు. సాయంత్రం బెంజమిన్ డ్యూటీ దిగి వచ్చేసరికి పళ్లెంలో అన్నం అట్లాగే ఎండిపోయి ఉంది. సంగతి విని ఆయన దెప్పలేదు. "తప్పయిందంటే ముక్కేం ఊడిపోదు, పో" అన్నాడంతే.

తెల్లారి హెడ్‌మాస్టర్ గది ముందు సక్రి నిలబడి ఉంది. సంపూర్ణ పోయి ఆమె పక్కన నిలబడింది.

"తప్పయింది సక్రమ్మా. టీసీ అడగకు. నీ బిడ్డ ఇగ నా ఇంట్లకు రాదు. ఏదున్నా నీకే ఫోన్ చేస్త. నా మీద కోపముంటే నా మీదనే తీర్చుకో, సదువు మీద గాదు."

సక్రి గది ముందు నుంచి పక్కకు జరిగింది. "గా మాట దానికి నువ్వే చెప్పు. నేను చెప్తే నా మీదనే అలుగుతది."

హర్షితను పిలిపించారు. సంపూర్ణ చెప్పింది. ఇక ఆదివారాలు లేవు, ఇక టీచర్ అనే పిలవాలి అని. పిల్ల బావురుమంది. "నేనేం చేసినమ్మా?"

"నువ్వేం చెయ్యలే. నేనే ఎక్కువ చేసిన. టీచర్ అను."

పిల్ల కళ్లు తుడవడానికి లేచిన తన చేతిని సంపూర్ణ బలవంతాన దించుకుంది. సక్రి తన అరచేతులు చూసుకుని, మోచేతితో కూతుర్ని దగ్గరికి లాక్కుని, భుజంతోనే తుడిచింది.

ఆ వారమే పంచలో బల్ల పడింది. హర్షిత కొన్నాళ్లు మొహం తిప్పుకుంది. తర్వాత స్నేహితురాలిని వెంటేసుకుని వచ్చి బల్ల మీద కూర్చుని కాంతి పాఠం అడిగింది. సంపూర్ణ చెప్పింది. పాఠం అయ్యాక పొమ్మంది.

రిజల్ట్స్ వచ్చిన రోజు తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. మంచి మార్కులతో పాసయింది. హర్షిత అలవాటు కొద్దీ బల్ల మీద కూర్చుంది.

"ఇగ నువ్వు నా స్టూడెంట్‌వి గాదు. ఇద్దరూ లోపలికి రాండ్రి" అంది సంపూర్ణ.

ఈసారి సక్రి తినొచ్చాననలేదు. "అన్నం పెట్టు టీచరమ్మా, ఆకలైతుంది" అంది. మిర్చి కాలం పోయింది, చేతులు మానాయి. సంపూర్ణ రెండు పళ్లేలు పెట్టి, హర్షిత పళ్లెం కూడా సక్రి ముందుకే జరిపింది. సక్రి అన్నం కలిపి కూతురి నోటికి ముద్ద పెట్టింది.

గరిటె పట్టుకుని నిలబడ్డ సంపూర్ణ వంగి సక్రి పళ్లెంలో ఇంకొంచెం పులుసు పోసింది.