రేపటి పేర్లు

ఆ రోజుల్లో మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరిని కదిలించినా నాయకత్వ లక్షణాల గురించే మాట. జగిత్యాలలో ఫైనలియర్ చదువుతున్న మాకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావాలంటే కోడింగ్ ఒక్కటే చాలదనీ, జట్టులో పనిచేయడం, జట్టును నడపడం కూడా రావాలనీ ప్లేస్‌మెంట్ సార్ వారానికి రెండుసార్లు నూరిపోసేవారు. (ఇందులో మొదటి సగం నా చెవిదాకా చేరలేదు. రెండో సగం మాత్రం నేరుగా తలకెక్కింది.) క్యాంపస్ ఎంపికలకు వచ్చిన మొదటి కంపెనీ గ్రూప్ డిస్కషన్‌లోనే నన్ను ఇంటికి పంపింది. నాకు మాట రాక కాదు, మిగతా ఏడుగురినీ నోరు తెరవనివ్వనందుకు. "మాటలో ధాటి ఉంది, జట్టులో ఇమడదు" అని నా పేరు పక్కన రాశారని సార్ చెప్పినప్పుడు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. మల్లాపూర్‌లో కల్లు గీయడానికి తాళ్లెక్కే మా బాపు నన్ను పుట్టినప్పటినుంచీ "లీడరమ్మా" అనే పిలుస్తాడు. ఆయన ఫోన్‌చేసి ఏమైందని అడిగితే "ఇంక చెప్పలే బాపు" అని అబద్ధమాడాను. రెండో కంపెనీ వచ్చేలోగా లీడర్‌నై తీరాలని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను.

లీడర్ కావాలంటే మైకు కావాలి, ఎదురుగా జనం కావాలి. రెండూ పైసా ఖర్చు లేకుండా దొరికే చోటు అప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒకటుండేది. అదే తెలంగాణ ఉద్యమం రిలే నిరాహార దీక్షల టెంటు. తెలంగాణ రావాలని నాకు మనసులో లేదా అంటే, ఉంది, అందరికీ ఉన్నంత ఉంది. కానీ కోరుట్ల టెంటులో నా కన్ను ముందుగా పడింది మైకు మీదేనని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. నా ప్రాజెక్టు జట్టులోని ముగ్గురినీ ఒప్పించాను. మొదటిది నా హాస్టల్ రూమ్మేట్, వెల్గటూరు పిల్ల. ఇంగ్లిష్ మాటలు రోజుకు పది చొప్పున బట్టీపట్టేది కాబట్టి ఆమెకు డిక్షనరీ అని పేరు. రెండోవాడు కోరుట్ల అబ్బాయి, పొడుగు చూసి చార్మినార్ అన్నాం. మూడోవాడు సిరిసిల్ల నుంచి వచ్చినవాడు. నాలుగేళ్లలో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడేమో, వాడు సైలెన్సర్.

ఆ టెంటుకు ఒక పద్ధతి ఉండేది. రోజుకొక జట్టు, నలుగురికి తక్కువ కాకుండా, పొద్దున పదింటికి దండలు వేసుకుని కూర్చోవాలి. సాయంత్రం ఐదింటికి మరుసటి రోజు కూర్చునేవాళ్ల పేర్లు మైకులో చదివి, నిమ్మరసం తాగి లేవాలి. ఆ పేర్లు తేవాల్సింది ఆ రోజు కూర్చున్న జట్టే. ఒకరోజు దర్జీలు, ఒకరోజు వకీళ్లు, ఒకరోజు మంగలివాళ్లు, ఇలా నెలల తరబడి ఒక్క రోజు కూడా తెగకుండా నడుస్తోంది. రిజిస్టరు రాసే ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఊరందరికీ సార్‌తాత. మేం వెళ్లగానే "రేపటోళ్లను చూసుకునే బాధ్యత ఎవలిది?" అని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. "మాదే సార్, మీరు బేఫికర్‌గ ఉండుండ్రి" అన్నాను. ఆ తరువాత ఆ సంగతి మళ్లీ నా మనసులోకి వస్తే ఒట్టు.

చార్టు మీద పనులు పంచాను. నీళ్ల గురించి డిక్షనరీ, నియామకాల గురించి చార్మినార్ మాట్లాడాలి. తొలిపలుకు, మలిపలుకు, మధ్యలో యువత-నాయకత్వం అనే అంశం, ఇవన్నీ నేను తీసుకున్నాను. "మరి నేను?" అన్నట్టు సైలెన్సర్ చూస్తే "నువ్వు చప్పట్లు కొట్టు" అన్నాను. (నిజంగా అన్నాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.) పదకొండింటికి మొదలుపెట్టిన నా ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. టెంటు పక్కన జామపండ్లమ్మే అవ్వ గంప మీద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విని, "పొల్ల మంచిగనే మాట్లాడుతంది గని, ఏం మాట్లాడుతందో ఎరుకైతలేదు" అంది. అయినా నేను తగ్గలేదు.

మధ్యాహ్నానికి ఆకలి మొదలైంది. ఎదురుగా మిర్చీబండి ఉంది. బండాయన మా మీద గౌరవంతో బండిని అటువైపు తిప్పాడు గానీ వాసనను తిప్పలేకపోయాడు. చార్మినార్ కళ్లు మూసుకున్నాడు. డిక్షనరీ ఆకలికి ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలున్నాయో నీరసంగా ఏకరువు పెట్టింది. ఇంతలో నాలుగైంది. సార్‌తాత రిజిస్టరు తెరిచి "రేపటోళ్ల పేర్లు చెప్పుండ్రి బిడ్డా" అన్నాడు.

నేను చార్మినార్‌ను చూశాను, వాడు డిక్షనరీని చూశాడు, ఆమె నన్ను చూసింది. "ఇస్తున్నం సార్, ఫైనల్ చేస్తున్నం" అని బొంకి, ముగ్గురం మూడు మూలలకు జరిగి ఫోన్లు అందుకున్నాం. పది నిమిషాల తరువాత తేలిందేమిటంటే, ముగ్గురం మా కాలేజీలో నిరుడు చదువు ముగించిన ఒక్క సీనియర్‌కే చేశాం. మూడోసారికి ఆయన "మీరు ముగ్గురు ఒక్క టెంటుల్నే ఉన్నరా, మూడు ఊళ్లల్ల ఉన్నరా?" అని విసుక్కుని ఫోన్ కట్టేశాడట. సార్‌తాతకు విషయం అర్థమైంది. కోప్పడలేదు. "మంచిది పిల్లలూ, మీరు నిమ్మరసం తాగి పోండ్రి. రేపు నేనొక్కన్నే కూసుంట. నేను బతికుండంగ ఇది తెగది" అన్నాడు. ఆయనకు షుగరు. వేళకు తినకపోతే చేతులు వణుకుతాయని జేబులో బిస్కెట్లు పెట్టుకుని తిరిగే మనిషి. నా నోటిదూలకు ఆయన ప్రాణం మీదికి వస్తోందని అప్పుడు గాని నాకు ఎక్కలేదు. "పేర్లు ఇచ్చేదాక మేం లేచేది లేదు సార్" అన్నాను. ఈసారి మైకు లేకుండానే.

అప్పుడు సైలెన్సర్ మాట్లాడాడు. "మా సిరిసిల్లల బట్ట నేసే సాంచాల కాడ తర్వాతి షిఫ్టోడు రాంది ముందటోడు ఇంటికి పోడు. అందుకే మా బాపు పనికి ఎక్కంగనే, నా తర్వాత ఎవలు అని అడుగుతడు" అన్నాడు. వాడు పొద్దున్నే నన్ను అడగాల్సింది కదా అంటారేమో. చప్పట్లు కొట్టమన్నదాన్ని ఎవరు అడుగుతారు? నోటుబుక్కులోంచి కాగితం చించి వాడే పనులు చెప్పాడు. "చార్మినార్, నువ్వు కోరుట్లోళ్లకే చెయ్యి. డిక్షనరీ, నువ్వు వెల్గటూరోళ్లకు. నేను సిరిసిల్లకు చేస్త. ఒకలు చేసినోళ్లకు ఇంకొకలు చెయ్యద్దు." నా వైపు తిరిగి కాస్త మొహమాటపడి, "నువ్వు గీ కాయిదం పట్టుకో. ఎవలు ఒప్పుకున్నరు, ఎవలు లేదన్నరు, రాస్తుండు. మాట్లాడకు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అరగంటసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. ఆకలికంటే అదే కష్టమనిపించింది.

కాగితం మెల్లగా నిండింది. సాంచాలకు మర్నాడు కరెంటు సెలవు కాబట్టి సైలెన్సర్ వాళ్ల బాపు వస్తానన్నాడు. చార్మినార్ వాళ్ల అమ్మ, ఆమెతో కలిసి బీడీలు చుట్టే పక్కింటామె సరేనన్నారు. వెల్గటూరులో నాట్లు పడుతున్నాయి, ఎవరికీ తీరిక లేదు. ముగ్గురయ్యారు, ఒక్కరు తక్కువ. సైలెన్సర్ నా చేతిలోని కాగితం తీసుకుని ఫోన్ ఇచ్చాడు. మల్లాపూర్ మిగిలింది.

"తిన్నవా బిడ్డా?" బాపు మొదటి మాట ఎప్పుడూ అదే.

"లే బాపు. కోరుట్ల టెంటుల దీక్షల ఉన్న."

"పొద్దటి సంది తినలే? ఎవలు కూసుండమన్నరు?"

"నేనే కూసున్న. బాపు, మొదటి కంపెనీల నాకు రాలే. జట్టుల ఇమడదని రాసిండ్రట." ఎందుకో అన్నీ ఒకేసారి బయటికి వచ్చేశాయి.

బాపు నవ్వాడు. "నువ్వు మీ అవ్వ కడుపులనే ఇమడలే, ఎనిమిదో నెలల్నే అచ్చినవ్. గిప్పుడు ఏం గావాలె చెప్పు."

"రేపు కూసునేటోళ్ల పేర్లు ఇయ్యాల్టోళ్లే ఇయ్యాలె, ఒక్క మనిషి తక్కువున్నరు. నువ్వత్తవా?"

"మరి తాళ్లెవలు ఎక్కుతరే?" వెంటనే తనే తేల్చేశాడు. "సరే, మబ్బులనే, తెల్లారకముందే ఎక్కి దిగుత. పదింటికి అత్త. నువ్వైతే ముందు తినుపో."

నాలుగు పేర్లు మైకులో చదవమని సార్‌తాత నాకే ఇచ్చాడు. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అది, చప్పట్లు మాత్రం దానికే ఎక్కువ వచ్చాయి.

మర్నాడు బాపు చెప్పిన వేళకే వచ్చాడు. ముంజేతుల మీద తాటిమట్టల గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దండ నేనే వేశాను. రోజంతా ఒక్క మాట లేకుండా కూర్చుంటే, సాయంత్రం సార్‌తాత మైకు ఆయన చేతికిచ్చాడు. బాపు దాన్ని దూరంగా పట్టుకుని "నాకు మాట్లాడరాదు. రేపు కూసునేటోళ్ల పేర్లు చెప్త" అన్నాడు. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటూ తనతో తాళ్లెక్కే మల్లాపూర్ గౌండ్లవాళ్ల పేర్లు చెప్పాడు. నాలుగు వేళ్లయ్యాక బొటనవేలు కూడా ముడిచి, "ఇంకొకలు ఎక్కువున్నరు సార్, ఎల్లుండికి రాసుకోండ్రి" అన్నాడు. పొద్దున చీకట్లో చెట్టు దిగి, బస్సెక్కేలోగా ఐదిళ్లు తిరిగి వచ్చాడట. టెంటు గుంజ పట్టుకుని నేను ఏడ్చేశాను, ఎవరు చూసినా సరేననుకున్నాను.

రెండో కంపెనీ సైలెన్సర్‌ను తీసుకుంది. నన్ను తీసుకోలేదు. (ఈసారి బాపుకు ఆ సాయంత్రమే చెప్పాను.) నాకు ఉద్యోగం రావడానికి మరో ఏడాది పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో నా జట్టులో పన్నెండు మంది ఉన్నారు, వాళ్లనడిగితే నేను ఇప్పటికీ ఎక్కువే మాట్లాడతానంటారు. అది నిజమే. ఎప్పుడైనా ఆ టెంటు గుర్తొస్తే, ఖాళీ కడుపుతో, ఎండలో, జామపండ్ల అవ్వకు ముప్పావుగంటసేపు నాయకత్వం బోధించిన ఆ పిల్ల కళ్లముందు నిలబడుతుంది. ఆమె మీద కోపం రాదు, మైకు లాక్కోవాలనీ అనిపించదు. ఎంత గట్టిగా నమ్మిందో పాపం! గ్లాసెడు నీళ్లిచ్చి, "కాసేపు కూసో బిడ్డా" అనాలనిపిస్తుంది.