ఎర్ర దారం కట్టిన దోసకాయ

శనివారం పొద్దున్నే మేముండే బాతెల్ నుంచి తూర్పుగా గంటసేపు డ్రైవ్ చేస్తే, కొండల మధ్య పొగమంచులో ఆ తోట కనబడేది. కనబడేది అనడం కూడా ఎక్కువే. ముందు బాతుల అరుపు వినబడేది, తర్వాత తడిసిన గడ్డి వాసన తగిలేది, ఆ తర్వాత ఎప్పటికో గేటు కనబడేది. అక్కడ నేను మేలుకుని ఉన్నానా, ఇంకా మంచంమీద కలగంటున్నానా అని వెళ్ళిన ప్రతిసారీ అనుమానమే.

"వారమంతా ల్యాబ్‌లో చాకిరీ చేసి, వీకెండ్‌లో ఫ్రీగా చాకిరీ చెయ్యడానికి గంట డ్రైవ్ చేసి మరీ పోతావా? పొలం పని తప్పించుకోడానికే కదే మనవాళ్ళు మనల్ని చదివించింది!" అనేవాడు మా ఆయన. నోరు అలాంటిదే గానీ, అపార్ట్‌మెంట్లన్నీ తిరిగి ఖాళీ అట్టపెట్టెలు ఏరుకొచ్చి నా కార్లో పడేసేది కూడా ఆయనే.

నాలాగే ఊరికే పనిచెయ్యడానికి వచ్చేవాళ్ళు ఇంకొందరుండేవాళ్ళు. ఆ అట్టపెట్టెలతోనే మా పని. అది దున్నకుండా, మందు కొట్టకుండా, అడవి తనంతట తాను పెరిగినట్టు తోటను పెంచే పద్ధతి. పర్మాకల్చర్ అంటారు. పెట్టెలకి అంటించిన టేపంతా గోళ్ళతో పీకి, గడ్డిమీద పరిచి, నీళ్ళతో తడిపి, పైన చెక్కపొట్టు కప్పాలి. కొన్నాళ్ళకి గడ్డి చచ్చి, అట్ట కరిగి, దాని కింద వానపాములు మెత్తటి మట్టి చేసి పెడతాయి. నాకు ఆ ఆలోచనే బ్రహ్మాండంగా ఉండేది. ఆన్‌లైన్లో కొన్న చెప్పుల పెట్టె ఎప్పుడో ఒకరోజు బంగాళాదుంప అవుతుంది!

తోట ఒక పెద్దావిడది. డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. ఇక్కడ ఎంతటి పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవాలి, నాకు నోరు రాదు. నెలరోజులు 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటూ గడిపి, చివరికి తెగించి 'ఆంటీ' అనేశాను. "నేనెప్పుడు నీకు ఆంటీనయ్యాను?" అని నవ్వింది, కానీ అప్పట్నుంచి ఆ పిలుపుకే పలికింది.

ఒకరోజు దారి మధ్యలో మొలిచిన టమాటా మొక్కను పీకబోతే చెయ్యి పట్టుకుంది. "ఆగు, అది వాలంటీర్."

ఎవరూ నాటకుండా పడి మొలిచిన మొక్కను ఇక్కడ అలాగే అంటారట. జీతం లేకుండా పనిచేసే మమ్మల్నీ అదే మాటతో పిలుస్తారు. "నీలాగే. ఎవరూ పిలవలేదు, వచ్చింది. ఉండనీ," అంది. ఆ మాటకి నేనెంత మురిసిపోయానో చెప్పలేను. ఈ దేశంలో నేను ఎక్కడ అడుగుపెట్టాలన్నా ముందు కాగితాలు అడిగారు. ఇక్కడ ఒక మొక్కతో జతచేసి ఉండనిచ్చారు.

మధ్యాహ్నం భోజనం వంతులవారీగా మేమే వండుకునేవాళ్ళం. సెప్టెంబరులో నా వంతు వచ్చింది. ఏం వండనా అని తోటంతా తిరుగుతుంటే, మూల పందిరిమీద ఎండిపోతున్న తీగకి ఒకే ఒక్క కాయ. గుండ్రంగా, పసుప్పచ్చగా, సాక్షాత్తూ మన దోసకాయ! తొడిమకి ఎర్ర దారం కట్టి ఉంది. ఓహో, ఈవిడకి కూడా దిష్టి పట్టింపు ఉందే అనుకుని ముచ్చటపడి కోసేశాను. చిన్న ముక్క కొరికి చూశాను, చేదు లేదు. గింజలు తీసి చెత్త బకెట్లో పడేసి, ముక్కలు కందిపప్పులో వేసి, ఇంగువ పోపు పెట్టాను.

పెద్దావిడ రెండోసారి వడ్డించుకుంది. "ఎంత బాగుందో! ఏం వేశావు?"

"మూల పందిరిమీది దోసకాయ, ఆంటీ. పసుప్పచ్చది."

"ఎర్ర దారం కట్టిందా?"

"అదే. దిష్టి తగలకుండా కట్టారనుకున్నాను."

ఆవిడ చెంచా కింద పెట్టింది. అప్పుడు తెలిసింది నాకు. వీళ్ళు దోసకాయ ఆకుపచ్చగా ఉన్నప్పుడే తినేస్తారు, పసుపు రంగు తిరిగిందంటే అది విత్తనానికి వదిలిన కాయ. దారం ఆ గుర్తు. ఆ విత్తనం వాళ్ళమ్మ ఇచ్చింది. ఏటేటా ఒక కాయ ఉంచి, గింజలు దాచి, ఇన్నేళ్ళు నిలబెట్టుకుంటూ వచ్చింది. నిరుడు డబ్బాలో ఎలుక పడి, మిగిలినవి రెండే గింజలట. వాటిలో ఒకటే మొలిచింది.

"గింజలేం చేశావు?"

పరుగెత్తాను. అప్పటికే ఎవరో ఆ బకెట్‌ను కోళ్ళ దొడ్లో కుమ్మరించేశారు. కోళ్ళు ముక్కులు తుడుచుకుంటున్నాయి. మోకాళ్ళమీద కూర్చుని ఆ గడ్డీ పెంటా అంతా వేళ్ళతో వెతికాను, ఒక్క గింజ దొరకలేదు. ల్యాబ్‌లో నేను చేసేది ఏమిటి? ఏ కణాలూ అంతరించకుండా ప్రతి సీసాకీ ఫ్రీజర్లో ఇంకో రెండు సీసాలు దాచడం. బుద్ధుండాలి నాకు!

"లే," అంది ఆవిడ వెనక నుంచి. "తప్పు నీది కాదు. నేను ముందే చెప్పాల్సింది." లోపలికి వెళ్ళి, తన గిన్నెలో ఉన్న పప్పు చుక్క మిగల్చకుండా తినేసింది. తిట్టినా బాగుండేది.

మళ్ళీ వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. వానలని ఒకసారి, జ్వరమని ఒకసారి మెసేజ్ పెట్టి, తర్వాత అదీ మానేశాను. "ఒక్క దోసకాయకి ఇంత ఏడుపేంటే? ఇండియన్ స్టోర్‌లో బాక్సెడు కొని ఇచ్చెయ్," అన్నాడు మా ఆయన. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

జూన్‌లో ఆవిడే ఫోన్ చేసింది. "ఒక వాలంటీర్ వచ్చింది. నువ్వొచ్చి చూడాలి."

నా చోట్లో ఇంకెవర్తినో పెట్టుకుందన్నమాట. దాన్ని నేనొచ్చి చూడాలా? ఒళ్ళు మండింది. అయినా శనివారం పొద్దున్నే పొగమంచులో అదే దారిన పోయాను. బాతులు అలాగే అరుస్తున్నాయి. గేటు దగ్గర ఎవరూ లేరు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బంగాళాదుంపల మడి దగ్గరికి తీసుకెళ్ళింది. వసంతంలో కోళ్ళ దొడ్డి ఊడ్చిన పెంటంతా అక్కడే పరిచిందట.

దుంప మొక్కల మధ్య, నాలుగు ఆకుల దోస మొలక.

"నిరుడు ఈ తోటలో వేరే దోస వెయ్యలేదు. ఇది మా అమ్మదే," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ జేబులోంచి ఎర్ర దారం తీసి నా చేతిలో పెట్టింది.

"విత్తనం గుర్తు నేను తర్వాత కట్టుకుంటాను. ఇది నువ్వు ఆ రోజు అన్నావే, దిష్... అదేదో, దానికి. నాకు రాదు, నువ్వే కట్టు."

మొలక మెడ నలుగుతుందని, పక్కన పుల్ల గుచ్చి దానికి కట్టాను. ముడి పడటానికి మూడుసార్లు పట్టింది.