పొద్దున ఏం తింది?

మా పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని నేను. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ అడిగేది మాత్రం మా నర్సుని. "తువ్వాలక్క ఉందా?" మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఏళ్లకేళ్లు చదివి, పిల్లుల చేత చేతులు గీరించుకున్నది నేను, పేరు ఆవిడది. ఆవిడ పని దగ్గర్నుంచి చూశాక నోరు మూసుకున్నాను.

బెదిరిన పిల్లిని ఆవిడ బుట్టలోంచి లాగదు. బుట్ట పైభాగాన్నే విప్పి తీసేస్తుంది. ఇంట్లో వాడిన తువ్వాలు ఉతక్కుండా తెమ్మని ముందే చెప్పి ఉంటుంది. దాన్ని తలమీదుగా కప్పి, ఒళ్లంతా చుట్టి, వెనక కాలొక్కటి నాకు అందిస్తుంది. పిల్లి సంగతి గ్రహించేలోపు నా సూది పని అయిపోతుంది.

అడగడం కూడా ఆవిడే నేర్పింది. మత్తు ఇచ్చే రోజు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. "ఏమైనా తిందా అని అడక్కండి డాక్టరమ్మా, అందరూ లేదనే అంటారు. పొద్దున ఏం తింది అని అడగండి."

కిందటి నెల ఒక ముసలి దర్జీని అలాగే అడిగింది. పుచ్చిన పన్ను తీయించడానికి పిల్లిని తెచ్చాడాయన. "ఏముందమ్మా, రెండు చెంచాల పాలు" అని నోరు జారాడు. అక్క ఉతికి ఆరేసింది. "పాలంటే గాలా? చేతులారా చంపుకుంటారా?" ఆయన కళ్లు తుడుచుకుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

అక్క పిల్లి పేరు పిడుగు. పేరుకే పిడుగు, కుర్చీ జరిపినా మంచం కింద దూరుతుంది. ఇంట్లో అక్కతో మాట్లాడే ప్రాణి అదొక్కటే. దాని పొట్టమీద గడ్డ లేచింది, వెంటనే తీసేయాలన్నాను. బెదురు తగ్గడానికి మాత్ర ఇచ్చి, పొద్దున్నే కాసిని నీళ్లతో వేయమన్నాను.

మర్నాడు అక్క తువ్వాలు చుట్టి, కాలు అందించింది. వెనకది కాదు, ముందు కాలు. ఆవిడ పొరపడగా ఎప్పుడూ చూడలేదు. సూదిలో మత్తుమందు నింపుతూ, ఆవిడని నవ్విద్దామని ఆవిడ మాటే అన్నాను.

"పొద్దున ఏం తింది?"

అక్క నవ్వలేదు. "మాత్ర మూడుసార్లు ఉమ్మేసింది."

"అయితే?"

"చేపముక్కలో పెట్టాను. చేప తిని మాత్ర వదిలేసింది. ఇంకో ముక్కలో పెట్టాను. చివరికి గిన్నె ఖాళీ అయింది డాక్టరమ్మా."

సూదికి మూత పెట్టేశాను. "నేనడక్కపోతే?"

"వాయిదా వేస్తే గడ్డ పెరిగిపోతుందేమోనని భయమేసింది. మీరు గడ్డ అన్నప్పట్నుంచీ నా బుర్ర పనిచెయ్యట్లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లుగా అందరినీ దులిపేసిన మనిషి చేసే పనా ఇది? తిడదామని తలెత్తాను. ఆవిడ ఎదుటి బల్లమీద, పిల్లుల్ని తెచ్చినవాళ్లు కూర్చునే చోట, పిడుగు ఉన్న బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టలేకపోయాను.

"ఒక్కరోజుకి ఏమీ కాదక్కా. రేపు మాత్ర నేనొచ్చి వేస్తాను."

వేశాను. మోచేతి దాకా గీరింది, అయినా మాత్ర మింగించాకే వదిలాను. ఆ పూటే గడ్డ మొత్తం తీసేశాను. మధ్యాహ్నానికి పిడుగు కళ్లు తెరిచి, అక్క తువ్వాల్లో మొహం దూర్చింది. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

తరవాత మొహం కడుక్కుని, పాత చీటీల్లో వెతికి ఎవరికో ఫోన్ చేసింది.

"అయ్యా, నేను ఆసుపత్రి నర్సుని. ఫోన్ పెట్టేయకండి. మీ పిల్లి పన్ను అలాగే ఉందా? రేపు తీసుకురండి, ఏమీ అనను."

అవతల దర్జీ ఏమన్నాడో వినపడలేదు.

"నేనూ మా పిల్లికి పెట్టానండి" అంది అక్క.