తిరగేసి కుట్టిన సిర

గుండె కోసి కుట్టే పెద్ద డాక్టరమ్మకు రక్తం పారే దారి నేర్పిన రైతు నల్లగొండ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. చాయ్ హోటల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఇవాళ పొద్దున బత్తాయి తోటలో మోటారు వేసి, కాలువలో కాళ్లు కడుక్కుంటుంటే పిక్క మీది పొడుగాటి కుట్ల మచ్చ కనబడింది. మళ్లీ చెప్పబుద్ధయింది.

తెలంగాణ వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో, ఛాతీ నొప్పితో హైదరాబాదు దవాఖానలో పడ్డాను. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. గుండె నుంచి రక్తాన్ని ఒళ్లంతటికీ మోసుకుపోయేవి ధమనులట, తిరిగి గుండెకు తెచ్చేవి సిరలట. నాకేమో గుండెకే రక్తమిచ్చే ధమని పూడింది. కాలిలోంచి ఒక సిర తీసి, పూడిన చోటుకు పక్కదారిగా కుడతామంది. మా వైపు నరమైనా నాళమైనా అన్నీ నరాలే. నరం తీస్తే కాలు పడిపోదా?

"కాలు పడ్డంక బతికేం జేయాలమ్మా? నేను సంతకం పెట్ట," అని మొండికేశాను.

"అది నరం కాదు తాతా, రక్తం పోయే గొట్టం. కాలికి ఇంకా ఉన్నాయి," అందామె.

అప్పుడు అడిగాను చూడండి: "మా బాయి పైపుకు అడుగున వాల్వు ఉంటది. నీళ్లను పైకే పోనిస్తది, కిందికి జారనియ్యది. కాలి నుంచి గుండెకు ఎక్కే గొట్టంల గూడ గసొంటియే ఉండాలె గద? ఉన్నదున్నట్టు కుడితే రక్తం ఆగిపోదా?"

ఆమె పెన్ను పక్కన పెట్టి నవ్వింది. "అందుకే తిరగేసి కుడతాం."

నేర్పానన్నది కోతలే, ఒప్పుకుంటున్నాను. ఆమెకది రోజూ చేసే పని. అడగడం మాత్రం నేనే అడిగాను. ఆ జవాబుతోనే బెదురు తీరి సంతకం పెట్టాను. ఆ సిర ఇప్పటికీ తలకిందులుగానే నన్ను బతికిస్తోంది. కాలం కూడా వాల్వున్న పైపే, వెనక్కి రాదు. జ్ఞాపకాన్ని మాత్రం మనకు కావలసినట్టు తిరగేసి కుట్టుకోవచ్చు.

ఇంతవరకు రాసి చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"నువ్వేడ అడిగినవయ్యా? కండ్లు మూసుకొని అవ్వా అవ్వా అని ఏడ్వబడితివి. వాల్వు సంగతి నీకేం ఎరుక? అడిగింది నేను. నీ చెయ్యి పట్టి సంతకం పెట్టించింది నేను. ఇయ్యాల పొద్దుగాల మోటారేసింది గూడ నేనే."