పట్టు కాగితం మీద గాటు

ఈ రోజు మా ఆవిడ పట్టుపోగులు పరిచి, గంజితో తడిపి చేసిన కాగితం మడతపడి పాడైంది.

"మళ్ల తడిపి కుండకు అద్దుత, గిన్నె లెక్కనన్న పనికొస్తది" అంది.

కుండకన్నా నా ముఖం ఏం తక్కువ? ఆమెను జడిపిద్దామని తడి కాగితాన్ని ముఖానికి అద్దుకుని, ఆరాక ఊడదీసి గోడకు తగిలించాను.

ముందు చూసింది మా అమ్మ. నాన్న బొగ్గుబాయిలో పోయినప్పుడు ఆమెకు ముఖం చూపించలేదు.

"మీ నాయిన వచ్చిండురా."

"అది నా మొఖమేనే అమ్మా."

"నీ కనుబొమ్మ మీద గాటేదిరా? గా గాటు మీ నాయినకే ఉండె."

మడత సరిగ్గా అక్కడే పడింది. అమ్మ దాని ముందు అన్నం పెట్టి, "షిఫ్టు దిగి గింతసేపు ఏడున్నవ్?" అని అడుగుతోంది. మధ్యమధ్యలో ఆగి, జవాబు విన్నట్టు తలూపుతోంది.

తీసేసే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికన్నా ఉంటే వచ్చి తీయండి. నేను వంటింట్లో ఉంటాను.